కొనేవాళ్లు ఎదురుగా లేనప్పుడు: ఇంటినుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు లేబుల్ ఎలా రాసుకోవాలి

అనంతపురం పాతూరులో పొడుల అంగడి ముందు ఒక పావుగంట నిలబడి చూడండి. ఎవరూ ఊరికే కొనరు. "దీంట్లో ఎల్లిపాయ పడిందా?" అని ఒకరు, "ఎప్పుడు కొట్టించినారు?" అని ఒకరు, "మా నాయనకు బీపీ, ఉప్పు ఎక్కువుంటాదా?" అని ఇంకొకరు. అంగడామె అన్నిటికీ జవాబు చెబుతుంది. చిటికెడు పొడి అరచేతిలో వేసి రుచి చూడమంటుంది. ఆ తర్వాతే తూకం.

అదే పొడిని మీరు ఇంట్లో పొట్లం కట్టి, ఫోన్‌లో ఫొటో పెట్టి, పుణెలో ఉన్న మనిషికి పంపారనుకోండి. ఆ మనిషి ఎవరిని అడగాలి? తూనికలు కొలతల చట్టం, 2009 సరిగ్గా ఈ చోటే పట్టుకుంది. కొనేవాళ్లు ఎదురుగా లేకుండా, ముందే ఇంత అని కొలిచి కట్టిన ఏ పొట్లమైనా దాని లెక్కలో ముందే ప్యాక్ చేసిన సరుకే. కట్టింది పెద్ద ఫ్యాక్టరీయా, సాయినగర్‌లో రెండు గదుల ఇల్లా అని అది చూడదు. వాట్సాప్ గ్రూపులో అమ్మినా పొట్లం పొట్లమే.

నేను బుడ్డల పట్టీ, నువ్వుల ఉండలు, కంది పొడి, ఎర్రకారం చేసి పంపుతుంటాను. మొదటి ఏడాది నా లేబుల్ అంటే ఒక పేరు, ఒక ఫోన్ నంబరు, అంచున ముగ్గు. తర్వాత కంది పొడి డబ్బా మీద దినుసులు కూడా రాశాను: కందిపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు. ఒకరోజు బెంగళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల ఆరేళ్ల బాబుకు వేరుశనగ పడదు. మా కంది పొడి కలిపిన అన్నం రెండు ముద్దలు తిన్నాక పెదాలు వాచాయి, ఆస్పత్రికి పరుగెత్తారు, దేవుడి దయవల్ల కోలుకున్నాడు. ఆమె నన్ను తిట్టలేదు. "మీ డబ్బా మీద చదివే పెట్టానండీ, వేరుశనగ లేదుగదా" అంది. ముందురోజు అదే మిక్సీ జారులో బుడ్డల పొడి పట్టాము. గుడ్డతో తుడిచాము, కడగలేదు. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి లేబుల్‌ను అధికారుల కోసం రాసే కాగితంలా చూడటం మానేశాను. ఆ తల్లి చేతిలో డబ్బా పట్టుకుని చదువుతున్నట్టు ఊహించుకుని రాస్తున్నాను. మీరు కూడా అలాగే మొదలుపెట్టండి.

మొదట: ఈ సరుకులో మీరెవరు?

లేబుల్ రాయడానికి కూర్చునే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి. మీరు తయారు చేస్తున్నారా, ఎవరో చేసింది తెచ్చి పొట్లం కడుతున్నారా, ఎవరో పొట్లం కట్టింది ఉన్నదున్నట్టు అమ్ముతున్నారా?

మూడోదైతే పని తక్కువే. లేబుల్ వాళ్లదే, అయితే అది సరిగా ఉందో లేదో చూసి కొనే బాధ్యత మీది. రెండోదైతే మీ పేరుతో పాటు తయారు చేసినవాళ్ల వివరం, వాళ్ల లైసెన్స్ నంబరు కూడా లేబుల్ మీదికి రావాలి. హోల్‌సేల్‌లో పట్టీలు తెచ్చి, కవరు మార్చి, "మా ఇంట్లో చేసినవి" అని అమ్మేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఇంట్లో చేసిందన్న మాట కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా వాడకూడదని ప్రకటనల నియమాల్లోనే ఉంది. పైగా ఆ పట్టీల్లో ఏం పడిందో మీకే తెలియదు, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఏం చెబుతారు?

రెండు నమోదులు

తినేది ఏదైనా అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే నంబరు ఉండాలి. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయల రుసుము. ఫాస్కాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు: ఫొటో, గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా రుజువు, ఏమేం చేస్తారో ఆ జాబితా. మీ టర్నోవర్, సరుకు రకం నింపితే మీకు రిజిస్ట్రేషనా, లైసెన్సా అన్నది అక్కడే తేలుతుంది. దీనికి వేలకు వేలు అడిగే ఏజెంట్లు దొరుకుతారు, వాళ్ల అవసరం లేదు. ఫోన్‌లో నింపడం కష్టమైతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చే నంబరులో 14 అంకెలుంటాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కింద ఆ అంకెలు అచ్చు పడాలి.

రెండోది తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదు. ఇది చాలామందికి తెలియదు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు, 2011లో 27వ నియమం ప్రకారం పొట్లాలు కట్టడం మొదలుపెట్టిన 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి, రుసుము 500 రూపాయలు. తినే సరుకుకే కాదు, అగరుబత్తీలు కట్టినా, వత్తులు కట్టినా ఇది వర్తిస్తుంది.

ఆ శాఖ పేరు వచ్చింది కాబట్టి త్రాసు మాట. వంటింటి కోసం ఆన్‌లైన్‌లో కొన్న చిన్న తూకం యంత్రంతో అమ్మే సరుకు తూచకూడదు. శాఖవాళ్లు పరీక్షించి ముద్ర వేసిన త్రాసే వాడాలి, గడువు రాగానే మళ్లీ వేయించాలి.

లేబుల్ రాయడం

ఒక తెల్లకాగితం తీసుకోండి. నేను బుడ్డల పట్టీని ఉదాహరణగా తీసుకుంటాను.

పేరు దగ్గరే మొదటి చిక్కు. మనం అనంతపురంలో, కర్నూలులో బుడ్డలంటాం. కడపవైపు చెనక్కాయలంటారు. హైదరాబాదువాళ్లు పల్లీలంటారు, పుస్తకాల్లో వేరుశనగ. ఒకే గింజకు ఇన్ని పేర్లు. 'బుడ్డల పట్టీ' అని మాత్రమే రాస్తే నాగ్‌పూర్‌లో ఉన్నవాళ్ల సంగతి అటుంచండి, వరంగల్లులో ఉన్నవాళ్లకే అదేమిటో తెలియదు. నియమం కూడా ఇదే చెబుతుంది: మీరు పెట్టుకున్న ముద్దుపేరు కాక, అది ఏ పదార్థమో అందరికీ అర్థమయ్యే సామాన్యమైన పేరు ఉండాలి. అంటే 'గ్రౌండ్‌నట్ చిక్కీ'.

దీనికి కలిసిందే భాష సంగతి. తప్పనిసరి వివరాలన్నీ ఇంగ్లీషులోగానీ, దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండాలి. తెలుగు అదనంగా రాసుకోవచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే లెక్కలోకి రాదు. నాకిది బాధగానే ఉంటుంది. మా డబ్బాల్లో ఎక్కువ భాగం తెలుగువాళ్ల ఇళ్లకే పోతాయి, వాళ్లలో ఇంగ్లీషు చదవలేని అమ్మమ్మలు ఎంతమందో. అందుకే నేను రెండూ వేయిస్తాను. దినుసులు, పడనివాళ్లకు హెచ్చరిక, గడువు తేదీ ఈ మూడూ తెలుగులో కూడా వేయించండి. లేబుల్ రెండు అంగుళాలు పెరుగుతుంది, పెరగనివ్వండి.

దినుసుల వరస బరువును బట్టి. ఎక్కువ పడింది ముందు, తక్కువ పడింది చివర. పట్టీలో వేరుశనగ, బెల్లం, నెయ్యి, యాలకులు. నూనె పడితే ఉత్త నూనె అని రాస్తే చాలదు, ఏ నూనెనో చెప్పాలి. పచ్చడిలో నిల్వకోసం సోడియం బెంజోయేట్ కలిపితే 'ప్రిజర్వేటివ్' అని, పక్కనే దాని అంతర్జాతీయ సంఖ్య ఐఎన్‌ఎస్ 211 అని రాయాలి. కారంపొడిలో రంగు కలపనే కూడదు.

పొడులవాళ్లు ఎక్కువగా తప్పేది ఇంగువ దగ్గర. డబ్బాలో వచ్చే ఇంగువ ఉత్త ఇంగువ కాదు, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. డబ్బా వెనక చదవండి, తెలుస్తుంది. ఉంటే మీ సాంబారు పొడిలో గోధుమ ఉన్నట్టే. గోధుమ పడని మనిషి సాంబారు పొడిలో గోధుమ ఉంటుందని కలలో కూడా అనుకోడు.

పడనివాళ్ల కోసం ఒక వాక్యం

లేబుల్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చునేది దీనిమీదే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో విడిగా చెప్పి తీరాల్సినవి ఇవి: గోధుమలాంటి, గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉండే ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, సోయా, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, ఇంకా కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్న సల్ఫైట్. దినుసుల్లో పేరు ఉన్నా సరే, 'ఇందులో ఫలానావి ఉన్నాయి' అని ఇంకో వాక్యం రాయాలి.

మన సరుకులతో ఒక్కసారి సరిచూసుకోండి. పట్టీలో వేరుశనగ ఉంది, అది కంటికి కనబడేదే. నెయ్యి రాశారా, అయితే పాలు కూడా ఉన్నట్టే. గోధుమపిండి నిప్పట్లలో గ్లూటెన్. బెల్లం సంగతి మరీ ముఖ్యం. బెల్లం పసుపుపచ్చగా మెరవాలని కొన్నిచోట్ల హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు. దాన్నుంచే సల్ఫైట్ వస్తుంది. ఉబ్బసం ఉన్న కొందరికి అది పడదు. నేను నల్లబెల్లమే కొంటాను, పట్టీ రంగు కాస్త ముదురుగా వస్తుంది. "మీ పట్టీ నల్లగా ఉందేమి" అని అడిగినవాళ్లకు ఎందుకో చెబితే మళ్లీ అదే అడిగి తెప్పించుకున్నారు.

ఇక నా కంది పొడి తప్పు. దినుసుల్లో లేకపోయినా, అదే జారులోనో అదే బాణలిలోనో వేరేది చేసినందువల్ల అంటుకునే వీలుంటే 'ఫలానాది ఉండవచ్చు' అని రాయాలి. రాయడంతో పని అయిపోదు. మా ఇంట్లో ఇప్పుడు రెండు జార్లు. బుడ్డల జారు మూతకు ఎర్ర దారం కట్టి ఉంటుంది. కంది పొడి పట్టే రోజు బుడ్డల డబ్బా వంటింట్లోకే రాదు. అయినా 'వేరుశనగ ఉండవచ్చు' అన్న వాక్యం తీసేయలేదు, ఎందుకంటే ఇల్లు ఒకటే, గాలి ఒకటే, నా చేతులు ఒకటే.

మా వీధిలో ఊరగాయలు పెట్టే ఒకామె నన్ను అడిగింది: "ఏం పాపా, అట్ల రాస్తే కొనేవాళ్లు భయపడి కొనకుండా పోరా?" కొందరు పోతారు పెద్దమ్మా, పోవాల్సినవాళ్లే పోతారు అన్నాను. వాళ్లు కొనకపోవడమే మనకూ వాళ్లకూ మేలు.

శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారమైతే గోధుమరంగు చదరంలో అదే రంగు త్రికోణం. పాత లేబుళ్లలో త్రికోణానికి బదులు గుండ్రటి చుక్క ఉంటుంది, వాటిని చూసి దించుకోకండి. రొయ్య పొడి, చికెన్ పచ్చడి పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పోషక విలువల పట్టిక మసాలా దినుసులకు, వాటి మిశ్రమాలకు అక్కర్లేదు. ఉత్త కారంపొడికి, ధనియాల పొడికి వేయనక్కర్లేదు. పట్టీకి, నిప్పట్లకు, పచ్చడికి, పప్పులు కలిసిన పొడులకు వేయాలి. శక్తి, మాంసకృత్తులు, పిండిపదార్థం, చక్కెరలు, కొవ్వు, సోడియం వగైరా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలతో ముందుగా ఒక అంచనా వేసుకోవచ్చు, కానీ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయిస్తే అంకె గట్టిగా ఉంటుంది. అదే నమూనాతో వేరుశనగలో అఫ్లటాక్సిన్ పరీక్ష కూడా చేయించండి. కాయ పండే దశలో వాన మొఖం చాటేస్తే, కోతయ్యాక సరిగా ఎండకపోతే, బూజు పట్టి ఆ విషం పుడుతుంది. అది వేయించినా పూర్తిగా పోదు. మన జిల్లాలో వాన ఎలా పడుతుందో మీకు చెప్పాల్సిన పనిలేదు. ముడుచుకుపోయిన గింజ, నల్లబడిన గింజ ఏరి పారేయడం మా ఇంట్లో పట్టీ చేయడం కన్నా పెద్ద పని.

తేదీ ఎలా నిర్ణయించాలి

తయారీ తేదీ, గడువు తేదీ రెండూ తప్పనిసరి. 'ఇంతలోపు వాడితే మేలు' అన్నది ఇష్టముంటే అదనంగా రాసుకోవచ్చు, అది ఒక్కటే రాసి ఊరుకోకూడదు. బ్యాచ్ నంబరు కూడా వేయాలి.

గడువు ఎన్ని రోజులని పక్కింటివాళ్ల ప్యాకెట్ చూసి రాయకండి. మీ సరుకు మీరే పరీక్షించుకోండి. నేను చేసే పద్ధతి ఇది: ప్రతి బ్యాచ్ నుంచి ఆరు పొట్లాలు పక్కన పెడతాను. వంటింట్లో చల్లగా ఉండే గూట్లో మూడు, మేడమీద రేకుల గదిలో మూడు. మే నెలలో ఆ గది ఎలా కాలుతుందో, కొరియర్ వ్యాను కూడా అలాగే కాలుతుంది. వారానికొకటి విప్పి వాసన, రుచి, మెత్తదనం నోటుబుక్కులో రాస్తాను. వేరుశనగకు ముక్కిన వాసన ఏ వారం మొదలైందో చూసి, అంతకు బాగా ముందే గడువు పెడతాను. ఎండాకాలం బ్యాచ్‌కు ఒక గడువు, చలికాలం బ్యాచ్‌కు ఒక గడువు పెట్టడంలో తప్పేమీ లేదు.

ఆన్‌లైన్‌లో ఇంకో లెక్క ఉంది. సరుకు చేతికి అందేసరికి దాని ఆయుష్షులో 30 శాతం గానీ, గడువుకు 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 చివర్లో అమ్మకపు వేదికలకు చెప్పింది. పాత సరుకు తోసేద్దామంటే కుదరదు. తక్కువగా చేయండి, తాజాగా చేయండి.

తూకం, ధర, చిరునామా

నికర బరువంటే డబ్బా, కవరు కాకుండా లోపలి సరుకు బరువు. 'సుమారు', 'కనీసం' లాంటి మాటలు చేర్చకూడదు. గ్రాములకు ఇంగ్లీషులో చిన్న 'జి' ఒక్కటే రాయాలి. 'జీఎంఎస్' అని రాయడం అందరికీ అలవాటు, అది తప్పు కిందే లెక్క. ఇంత చిన్నదానికా అనిపిస్తుంది, కానీ ఇంత చిన్నదే ముందు కంటపడుతుంది.

ఎంఆర్‌పీ అన్ని పన్నులతో కలిపి. దాని పక్కన ఒక్కో గ్రాముకు ఎంత అన్నది కూడా వేయాలి. 200 గ్రాముల పట్టీ 90 రూపాయలైతే గ్రాముకు 0.45 రూపాయలు. కిలో దాటితే కిలోకు ఎంతో రాయాలి. సరిగ్గా కిలో పొట్లమైతే రెండూ ఒకటే కాబట్టి వేరే రాయనక్కర్లేదు. బెల్లం ధర పెరిగిందని అచ్చయిన ఎంఆర్‌పీ మీద ఎక్కువ ధర స్టిక్కర్ అంటించకూడదు. తగ్గించి అంటించవచ్చు, అప్పుడు కూడా పాత ధర కనబడేలా ఉండాలి. అందుకే ఒకేసారి ఐదువేల లేబుళ్లు అచ్చు వేయించకండి. చవకగా వస్తుందని నేను వేయించి, సగం పారబోశాను.

చిరునామా పూర్తిగా, పిన్‌కోడ్‌తో. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం, హిందూపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. బనగానపల్లె నంద్యాల జిల్లా. పాత లేబుళ్ల మీద పాత జిల్లా పేరు ఉంటే ఈసారి అచ్చుకు మార్చండి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితంలో ఉన్న చిరునామాతో అక్షరం అక్షరం కలవాలి. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో పేరు, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ఆ ఫోన్ ఎత్తాలి.

రాయకూడని మాటలు

కొర్ర పిండి, రాగి పిండి అమ్మేవాళ్లకు ఇది. 'షుగరు తగ్గుతుంది', 'కీళ్లనొప్పులు పోతాయి' అని రాయకండి. ఆహారం జబ్బును నయం చేస్తుందని చెప్పడానికి వీల్లేదు. మీ కొర్రలు మంచివే, నేనూ తింటాను. కానీ ఆ మాట నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తే? 'ఆర్గానిక్' అనాలంటే ఎన్‌పీఓపీ, పీజీఎస్ అనే రెండు ప్రభుత్వ పద్ధతుల్లో ఏదో ఒకదాని ధ్రువీకరణ ఉండాలి. మీ నాయన మందులు కొట్టకుండా పండించినా సరే, కాగితం లేకుండా ఆ మాట వాడి చిక్కులో పడొద్దు. 'మా సొంత పొలంలో, మందులు లేకుండా' అని ఫోన్‌లో అడిగినవాళ్లకు నిజం చెప్పుకోండి. 'నూటికి నూరు శాతం' అనే మాటను కూడా వాడొద్దని 2025లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది.

తప్పుడు లేబుల్‌తో ఆహారం అమ్మితే ఆహార భద్రత చట్టం 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ 'చిన్నవాళ్లం, మమ్మల్నెవరు చూస్తారు' అన్న ధీమా మాత్రం వద్దు.

తినేవి కాకపోతే

బొమ్మలు తెచ్చి అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉంటే చాలదు, దాని కింద లైసెన్స్ నంబరు ఉండాలి. ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లు నగ మీది ఆరక్షరాల గుర్తింపు సంఖ్యను (హెచ్‌యూఐడీ) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకుంటారు. బీఐఎస్ అంటే ఈ నాణ్యత గుర్తులిచ్చే కేంద్ర సంస్థ. అదే యాప్‌లో బొమ్మ మీది నంబరు కూడా కొట్టి చూడండి. హోల్‌సేల్ అంగట్లోనే, డబ్బులిచ్చే ముందే. నంబరు లేని బొమ్మలు బస్తా సగం ధరకే ఇస్తామంటారు. ఆ రంగుల్లో సీసం ఉందో లేదో, ఊడే చక్రం పసిపిల్లల గొంతులో ఇరుక్కుంటుందో లేదో పరీక్షించిన నాథుడు లేడని ఆ సగం ధరే చెబుతోంది. ఛార్జర్లు, పవర్ బ్యాంకులకు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్నీ అలాగే చూడండి. 2025 మార్చిలో బీఐఎస్ అధికారులు పెద్ద ఆన్‌లైన్ వేదికల గోదాముల్లోనే తనిఖీ చేసి గుర్తు లేని సరుకు పట్టుకున్నారు. ఆ గోదాముల్లో ఉండేది మనలాంటి అమ్మకందార్ల సరుకే.

హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసిన బొమ్మలకు, జీఐ (ఫలానా ప్రాంతపు సరుకన్న) గుర్తింపు ఉన్నవాటికి ఈ ఐఎస్‌ఐ నుంచి మినహాయింపు ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు ఆ నమోదు కాగితం భద్రంగా పెట్టుకుని, అమ్మే పేజీలో కూడా పెట్టాలి.

సబ్బులు, ముఖానికి పూసుకునేవి చేసేవాళ్లకు దారి వేరు. అవి సౌందర్య సాధనాల నియమాలు, 2020 కిందికి వస్తాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్స్ తీసుకోవాలి, ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. ఇంట్లో చేసిన సబ్బు కదా అని ఇది దాటేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చర్మం మీద పూసేది కూడా ఒంటికి తగిలేదే.

అమ్మే పేజీ

పొట్లం మీద ఉన్నదంతా తెరమీద కూడా ఉండాలి. కొన్నాక చదివితే లాభమేముంది? తయారీ నెల, బ్యాచ్ లాంటివి పొట్లం పొట్లానికి మారతాయి కాబట్టి వాటిని పేజీలో పెట్టనక్కర్లేదు. మిగతావి, అంటే పేరు, చిరునామా, నికర బరువు, ధర, దినుసులు, పడనివాళ్లకు హెచ్చరిక, ఏ దేశపు సరుకు అన్నది పెట్టాలి. పొట్లం వెనకవైపు ఫొటో కూడా ఒకటి తీయండి, వెలుతురులో, అక్షరాలు చదవగలిగేలా. ముందువైపు అందమైన ఫొటోలు ఐదు పెట్టి వెనకవైపు దాచేవాళ్ల దగ్గర నేనైతే కొనను.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వేదికల మీద అమ్మేవాళ్లు ఫిర్యాదులు చూసే ఒక అధికారిని పెట్టుకోవాలి. చిన్న వ్యాపారంలో ఆ అధికారి మీరే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తీర్చాలి. చెడిన సరుకు వెనక్కి తీసుకోనని అనకూడదు. మీరు పలకకపోతే కొన్నవాళ్లు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు, ఫోన్ చేస్తారు, చేయాలి కూడా.

ఏ బ్యాచ్ ఎవరికి పోయిందో ఒక నోటుబుక్కు పెట్టండి. బెంగళూరు ఫోన్ వచ్చిన రోజు అదే బ్యాచ్ కంది పొడి ఇంకా 23 ఇళ్లకు పోయింది. నా దగ్గర నోటుబుక్కు లేదు. కొరియర్ రసీదులు గంపలోంచి ఏరుకుని, రాత్రి పదకొండు దాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇద్దరు ఇప్పటికీ దొరకలేదు.

చివరి పని: మీకు మీరే పంపుకోండి

లేబుల్ అంతా అయ్యాక ఒక పొట్లం వేరే ఊళ్లో ఉన్న మనవాళ్లకు మామూలు కొరియర్‌లో పంపండి. మే నెలలో అయితే మరీ మంచిది. నేను కడపలో ఉన్న మా అక్కకు పంపి, విప్పకుండా ఫొటో పెట్టమన్నాను. పట్టీలోని నూనె కవరు కుట్టు దగ్గర సన్నగా ఊరి, వేడికి కాగితం నల్లబడి, గడువు తేదీ ఉన్న చోట మసి పూసినట్టు ఉంది. కొరియర్ చీటీలు వేసే యంత్రంతో ఆ తేదీ వేశాను. అది వేడికి నల్లబడే కాగితం. అక్షరం చెరగకూడదని నియమంలో ఉంది, అది నాకు ముందే తెలుసు కూడా. ఇప్పుడు తేదీని చెరగని సిరాతో కవరు మీదే వేస్తున్నాను, కుట్టుకు దూరంగా, పైన ఎడమవైపు. వేసిన ప్రతి పొట్లాన్నీ నూనె రాసుకున్న బొటనవేలితో ఒకసారి గట్టిగా రుద్ది చూసి, చెరగకపోతేనే పెట్టెలో పెడతాను.